డెస్క్‌టాప్ బాగుపడింది సరే, ఆ జవాబులన్నీ ఎటు పోయాయి?

#1 పాతకాపు

చాలా కాలం తర్వాత సొంత లాప్‌టాప్‌లో మళ్లీ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. 2004లో వచ్చిన మొదటి ఉబుంటు 4.10 నుంచి కొన్నేళ్లు వాడాను. తర్వాత ఆఫీసువాళ్లు ఇచ్చిన మెషిన్‌తోనే సరిపెట్టుకున్నా. ఇప్పుడు వేసి చూస్తే గొడవేమీ లేదు. వైఫై అడగకుండానే పట్టుకుంది. ప్రింటర్ దానంతట అదే కనిపించింది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మోగాయి. మూత వేస్తే పడుకుంది, తీస్తే లేచింది. వైఫై కార్డుకి లినక్స్ డ్రైవర్ లేక, ఎన్‌డిస్‌ర్యాపర్ పెట్టి విండోస్ డ్రైవర్నే లినక్స్‌లోకి ఎక్కించిన బ్యాచ్ మాది. మాలాంటివాళ్లకి ఇది నమ్మబుద్ధి కావడం లేదు.

తేడా ఎక్కడొచ్చిందంటే, టచ్‌ప్యాడ్ స్క్రోల్ వేగం తగ్గిద్దామని నెట్‌లో వెతికాను. మొదట దొరికింది 2012 నాటి చర్చ. అందులో అందరూ చెప్పింది సినాప్టిక్స్ డ్రైవర్ సెట్టింగ్ గురించి. ఇప్పుడు ఆ పనంతా లిబ్‌ఇన్‌పుట్ అనే కొత్త లైబ్రరీ చూసుకుంటోంది, ఆ సెట్టింగ్ ముట్టుకున్నా ఏమీ కాదు. రెండోచోట జవాబు లేదు, "డిస్కార్డ్‌లో తేలిపోయింది, అక్కడ చూడండి" అని మాత్రం ఉంది. డిస్కార్డ్ అంటే లాగిన్ అయితేనే కనబడే చాట్. మూడోది ఏఐ రాసిన పేజీ. 2012 జవాబునే కొత్త తేదీ వేసి, మంచి భాషలో తిరిగి చెప్పింది.

సిస్టమ్ ఇంత ముందుకెళ్లింది కదా, దాని గురించి తెలిసినవాళ్లు రాసిన మాట దొరకడం ఎందుకింత కష్టమైంది? నాకొక్కడికేనా, అందరికీ ఇంతేనా?

#2 టక్స్‌మామ

మీకొక్కరికే కాదు. ఆ 2012 చర్చ మొత్తం చదివి ఉంటే ఇంకో సంగతి కనబడేది, స్క్రీన్‌షాట్లు ఒక్కటీ ఉండవు. 2017లో ఫోటోబకెట్ అనే ఫోటోలు దాచే సైట్, బయటి సైట్లలో ఫోటోలు చూపించడానికి డబ్బు కట్టాలంది. ఒక్క దెబ్బకి లెక్కలేనన్ని ఫోరమ్‌లలో "కింద చూపించినట్టు చేయండి" అనే వాక్యం మిగిలింది, కింద మాత్రం ఏమీ లేదు.

#3 రూట్_రాణి

నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

పాత ఫోరమ్‌లు అంత గొప్పగా ఏం లేవండీ. కొత్తగా వచ్చి ప్రశ్న అడిగితే మొదటి జవాబు "వెతికి అడుగు", రెండోది "మాన్యువల్ చదువు". మూడో ఆయన మీరు వాడే డిస్ట్రోనే (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) తప్పంటాడు. అమ్మాయి పేరుతో ఐడీ పెట్టుకుంటే ఇన్‌బాక్స్‌లో ఇంకో రకం తలనొప్పి. నాకు అప్పట్లో మగ పేరుతో ఒక ఐడీ ఉండేది, అదే ప్రశ్నకి దానికి మర్యాదగా జవాబులొచ్చేవి. లినక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే 2018 సెప్టెంబర్‌లో తన మాటతీరుకి బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ రాసేవాళ్లకి ప్రవర్తనా నియమావళి వచ్చిందీ అప్పుడే.

ఇవాళ కొత్తవాళ్లు ఏఐని అడుగుతున్నారంటే అది తిట్టదు కాబట్టి అడుగుతున్నారు. జవాబు తప్పో ఒప్పో తర్వాతి సంగతి. "తాతలు నేతులు తాగారు" అని మూతులు చూపించే ముందు ఇది కూడా గుర్తుపెట్టుకుందాం.

#4 పాతకాపు

మీరన్నదాంట్లో కాదనడానికేమీ లేదు. నేనడిగేది మర్యాద గురించి కాదండీ, రికార్డు గురించి. తిట్టి చెప్పినా ఆ జవాబు అందరికీ కనబడేచోట ఉండేది. అడిగింది ఒకడైతే తర్వాత పదేళ్లు దారిన పోయేవాళ్లందరికీ పనికొచ్చేది. ఇప్పుడు చాట్ రూమ్‌లో మర్యాదగానే చెబుతున్నారు, సాయంత్రానికి అది పైకి జరిగి మాయం. రేపు అదే ప్రశ్న ఇంకొకరు అడుగుతారు, అదే మనిషి మళ్లీ ఓపిగ్గా చెప్పాలి.

#5 బైట్‌బాబు

ఈ ఏడాది "లినక్స్ డెస్క్‌టాప్ సంవత్సరం" అనే పాత జోకు ఇంకా ఎవరూ వేయలేదేంటి? నేనే అనేస్తున్నా, హాజరు వేసుకోండి.

#6 కమిట్_కుమార్

పాతకాపు గారూ, "ఎటు పోయాయి" అన్నారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

లినక్స్ పుట్టిన వార్తే యూజ్‌నెట్ అనే పాత చర్చా గ్రూపుల వ్యవస్థలో వచ్చింది, 1991 ఆగస్టు 25న, మినిక్స్ అనే ఇంకో సిస్టమ్ వాడేవాళ్ల గ్రూపులో. కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ కూడా అంతే. 1996 అక్టోబర్‌లో మథియాస్ ఎట్రిచ్ యూజ్‌నెట్‌లో పెట్టిన పోస్టుతో మొదలైంది. యూజ్‌నెట్ ఎవరి సొత్తూ కాదు, ఒక సర్వర్ పోయినా ఇంకోదాంట్లో కాపీ ఉండేది. పాత పోస్టులు దాచింది డెజా న్యూస్ అనే కంపెనీ. 2001లో గూగుల్ దాన్ని కొని గూగుల్ గ్రూప్స్‌లో కలిపింది. 2024 ఫిబ్రవరి 22 నుంచి కొత్త యూజ్‌నెట్ పోస్టులు తీసుకోవడం ఆపేసింది. పాతవి చదవచ్చు, కానీ వాటిలో వెతకడానికి ప్రయత్నించిన ఎవరినైనా అడగండి, కథలు చెబుతారు.

తర్వాత ఐఆర్‌సీ అనే పాతకాలపు చాట్. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) జనంలో ఎక్కువమంది ఫ్రీనోడ్ అనే నెట్‌వర్క్‌లోనే ఉండేవారు. 2021 మేలో యాజమాన్యం గొడవ వచ్చి, దాన్ని నడిపే వాలంటీర్లు మూకుమ్మడిగా రాజీనామా చేసి లిబెరా చాట్ పెట్టారు. కొద్ది వారాల్లోనే పెద్ద ప్రాజెక్టుల్లో చాలావరకు అటు మారిపోయాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఐఆర్‌సీ ప్రోటోకాల్ అందరిదీ కాబట్టే అంత త్వరగా ఇల్లు మారగలిగారు. అదే క్లయింట్, అదే అలవాటు, సర్వర్ అడ్రస్ ఒక్కటే కొత్తది.

రెడ్డిట్ దగ్గర ఆ వీలు లేకపోయింది. 2023 జూన్‌లో, బయటి యాప్‌లు వాడుకునే ఏపీఐకి పెట్టిన ధరల మీద నిరసనగా వేల సబ్‌రెడ్డిట్లు (అందులోని చర్చా గ్రూపులు) తలుపులు మూశాయి. కొందరు అలాంటిదే అయిన లెమ్మీకి వెళ్లారు, ఎక్కువమంది మళ్లీ అక్కడికే వచ్చారు. ఎందుకంటే పదేళ్ల చర్చలు అక్కడే ఉన్నాయి, మూట కట్టుకుని పోవడానికి లేదు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో కథ ఇంకోలా ఉంది. అక్కడ రాసిందంతా ఎవరైనా తిరిగి వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంది, 2008 నుంచీ అంతే. కానీ చాట్‌జీపీటీ వచ్చాక కొత్త ప్రశ్నలు రావడం బాగా పడిపోయింది. జవాబులు తెరిచే ఉన్నాయి, అడిగేవాళ్లే తగ్గారు.

ప్రాజెక్టులు కూడా మారాయి. ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా 2020లో తన ఐఆర్‌సీ మూసి మ్యాట్రిక్స్ చాట్‌కి వెళ్లింది. కేడీఈ లాంటి ఇంకో డెస్క్‌టాప్ గ్నోమ్ 2022లో మెయిలింగ్ లిస్టులు ఆపి డిస్కోర్స్ అనే ఫోరమ్‌కి మారింది. ఇవి రెండూ నా లెక్కలో చెడ్డ మార్పులు కావు, సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సే, డిస్కోర్స్ పేజీలు సెర్చ్‌లో కూడా వస్తాయి. నాకు అభ్యంతరమల్లా ఒక చిన్న ప్రాజెక్టు తన మొత్తం సపోర్టుని డిస్కార్డ్‌లో పెట్టేయడం దగ్గరే. కోడ్ ఓపెన్, దాని గురించిన మాట మాత్రం లాగిన్ వెనకాల.

#7 బైట్‌బాబు

డిస్కార్డ్ పెట్టేవాళ్ల వైపు నుంచి ఒక మాట. ఫోరమ్ నడపాలంటే సర్వర్ కావాలి, దాని అప్‌డేట్లు చూసుకోవాలి, స్పామ్ ఏరాలి, బ్యాకప్ తీయాలి. కోడ్ రాసేది ఒక్కడే, అదీ రాత్రిపూట. వాడికి ఇదంతా చూసుకునే తీరిక ఎక్కడిది? డిస్కార్డ్‌లో రెండు క్లిక్కులు, అయిపోయింది.

#8 కొత్తపెంగ్విన్

అందరికీ నమస్కారం. చర్చ మధ్యలో దూరుతున్నందుకు సారీ, కానీ నా సమస్య సరిగ్గా ఇదే.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది కదా, నా లాప్‌టాప్ ప్రాసెసర్ విండోస్ 11 లిస్టులో లేదు. మెషిన్ మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది, పారేయబుద్ధి కాక లినక్స్ వేశాను. లాప్‌టాప్ స్క్రీన్ 4కే, పక్కన పెట్టిన మానిటర్ మామూలు ఫుల్ హెచ్‌డీ. లాప్‌టాప్‌కి 150% స్కేలింగ్ (అన్నీ ఒకటిన్నర రెట్లు పెద్దగా) పెడితే కొన్ని యాప్‌లలో అక్షరాలు మసక, కొన్నిటిలో నీట్‌గా ఉన్నాయి. ఏఐని అడిగితే ఎక్స్‌ర్యాండర్ కమాండ్లు ఇచ్చింది, పని చేయలేదు. తర్వాత ఎక్స్‌ఆర్గ్ కాన్ఫిగ్ ఫైల్ రాయమంది, అదీ రాశాను, రీస్టార్ట్ చేశాను, ఏమీ మారలేదు. ప్రతిసారీ "క్షమించండి, ఇది ప్రయత్నించండి" అని ఇంకోటి ఇస్తోంది. టెన్షన్‌గా ఉంది, ఏదైనా పాడుచేశానా?

#9 రూట్_రాణి

ఏమీ పాడవలేదు, కంగారు పడకండి. మూడు విషయాలు చెప్పండి. ఏ డిస్ట్రో, ఏ వెర్షన్? గ్నోమా, కేడీఈనా? సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్, సిస్టమ్ డీటెయిల్స్‌లోకి వెళ్తే "విండోయింగ్ సిస్టమ్" ఎదురుగా ఏముంది? గ్రాఫిక్స్ కార్డు కూడా చెబితే మంచిది.

#10 కొత్తపెంగ్విన్

ఉబుంటు 24.04. గ్నోమ్ 46. విండోయింగ్ సిస్టమ్ దగ్గర "వేలాండ్" అని ఉంది. గ్రాఫిక్స్ ఇంటెల్‌దే, విడిగా కార్డు లేదు.

#11 వేలాండ్_వీరయ్య

నా పేరు తలచుకున్నారు, వచ్చేశాను.

లినక్స్ డెస్క్‌టాప్‌లో తెరమీద కిటికీలు గీసే పని చాలా ఏళ్లు ఎక్స్ విండో సిస్టమ్ చేసింది. అది 1984లో ఎంఐటీలో మొదలైంది, మనం ఎక్స్11 అనే రూపం 1987ది. అప్పటి మెషిన్ల కోసం రాసింది. ఒక్కో మానిటర్‌కి ఒక్కో స్కేలింగ్ అనే ఆలోచన దానిలో సహజంగా లేదు. పైగా ఎక్స్11లో ఏ యాప్ అయినా పక్క యాప్‌లో మీరు టైప్ చేసేది చూడగలదు. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ వేలాండ్ మొదలుపెట్టింది ఈ పాత బరువు దించేయడానికే. ఫెడోరా 25, అంటే 2016 చివర్లో, గ్నోమ్‌లో దాన్నే డిఫాల్ట్ చేసింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు.

ఇప్పుడు మీ కేసు. మీ సెషన్ వేలాండ్. వేలాండ్ కోసం రాసిన యాప్‌లు 150% సంగతి తెలుసుకుని అక్షరాలు తామే సరిగ్గా గీసుకుంటాయి, అందుకే నీట్‌గా ఉన్నాయి. ఇంకా ఎక్స్11 మాట్లాడే యాప్‌లు ఎక్స్‌వేలాండ్ అనే మధ్యవర్తి ద్వారా నడుస్తాయి. గ్నోమ్ 46లో అవి మామూలు సైజులో గీస్తాయి, డెస్క్‌టాప్ ఆ బొమ్మని సాగదీసి చూపిస్తుంది. మసక అక్కడిది. ఎక్స్‌ర్యాండర్, ఎక్స్‌ఆర్గ్ కాన్ఫిగ్ రెండూ ఎక్స్‌ఆర్గ్ అనే ఎక్స్11 సర్వర్‌కి చెప్పే మాటలు. మీ తెరని నడిపేది ఆ సర్వర్ కాదు కాబట్టి వినేవాడు లేడు. ఆ ఫైల్ తీసేయండి. ఇప్పుడు హాని లేదు గానీ, రేపెప్పుడైనా లాగిన్ తెర మీద ఎక్స్‌ఆర్గ్ సెషన్ ఎంచుకుంటే అడ్డొస్తుంది.

ఏ యాప్ ఏ రకమో తెలుసుకోవడానికి ఎక్స్‌ఐస్ నడపండి. రెండు కళ్లు వస్తాయి. మౌస్ ఎక్స్11 యాప్ మీద ఉంటేనే ఆ కళ్లు మౌస్ వెంట తిరుగుతాయి, వేలాండ్ యాప్ మీదికి వెళ్తే ఆగిపోతాయి. 1980ల నాటి బొమ్మ ప్రోగ్రామ్, ఇవాళ డాక్టర్ పని చేస్తోంది.

మసకగా ఉన్నది క్రోమ్ రకం బ్రౌజర్ అయితే ఫ్లాగ్స్ పేజీలో "ప్రిఫర్డ్ ఓజోన్ ప్లాట్‌ఫామ్" అని ఉంటుంది, వేలాండ్‌కి మార్చండి. ఆ పేరుతో కనబడకపోతే మీ బ్రౌజర్ కొత్తది, బహుశా ఇప్పటికే వేలాండ్‌లోనే నడుస్తోంది. ఎలక్ట్రాన్‌తో (క్రోమ్ ఇంజిన్ మీదే) కట్టిన యాప్‌లకీ ఇలాంటి ఆప్షనే ఉంది, ముందు ఆ యాప్ కొత్త వెర్షన్ ఉందేమో చూడండి. వీటికి లొంగని యాప్ ఉంటే రెండు దారులు. ఫ్రాక్షనల్ స్కేలింగ్ (150% లాంటివి ఇచ్చేది) ఆపేసి 100 లేదా 200% పెట్టుకోవడం, లేదా గ్నోమ్ 47 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉన్న వెర్షన్‌కి వెళ్లడం. 47లో ఎక్స్‌వేలాండ్ యాప్‌లు తామే స్కేల్ చేసుకునే వీలు ప్రయోగాత్మకంగా పెట్టారు.

#12 పాతకాపు

చూశారా, నేను మొత్తుకునేది ఇదే. ఏఐ అబద్ధం చెప్పలేదు. ఎక్స్‌ర్యాండర్ జవాబు 2012లో అక్షరాలా నిజం. ఇరవై ఏళ్లపాటు మనం రాసి పెట్టిన జవాబులన్నీ ఎక్స్11 కాలానివి, ఎందుకంటే అప్పుడే జనం బయట రాసేవారు. వేలాండ్ కాలం జవాబులు చాలావరకు చాట్ రూమ్‌లలో ఉన్నాయి. ఏఐ చదివింది పాతవే, చెప్పేదీ పాతవే. సాంకేతికత మారిన కాలమూ, మాట్లాడుకునే చోటు మారిన కాలమూ ఒకటే అయ్యాయి. ఇదే అసలు దెబ్బ.

#13 కమిట్_కుమార్

ఇది నాకు తట్టలేదు. నిజమే. ఆడియో కూడా అంతే. నెట్‌లో సగం సలహాలు పల్స్ఆడియో గురించే, ఫెడోరా 34 నాటికే, అంటే 2021కే, దాని స్థానంలో పైప్‌వైర్ వచ్చింది. మీ బ్లూటూత్ మోగడంలో పైప్‌వైర్ చెయ్యి ఉంది.

ప్రింటర్ సంగతి వేరు. దానికి లినక్స్‌వాళ్లు మాత్రమే కారణం కాదు. ఫోన్ల నుంచి డ్రైవర్ లేకుండా ప్రింట్ తీయాలని కంపెనీలు ఐపీపీ అనే ఉమ్మడి ప్రింటింగ్ పద్ధతి బాట పట్టాయి, లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ దాన్ని అందుకుంది. మనం పోరాడి గెలిచినవి కొన్ని, ఊరికే కలిసొచ్చినవి కొన్ని.

#14 టక్స్‌మామ

వేలాండ్ భజన కొంచెం ఆపితే నేనొకటి అంటాను. గ్నోమ్ 2 చక్కగా ఉండగా 2011లో గ్నోమ్ 3 తెచ్చారు, అలవాట్లన్నీ మార్చమన్నారు. కేడీఈ 4.0 2008లో సగం ఉడికినదే విడుదల చేశారు. ఇప్పుడు ఎక్స్11. గ్నోమ్ 49లో ఆ సెషన్ డిఫాల్ట్‌గా ఆపేశారు, ఉబుంటు 25.10లో గ్నోమ్‌కి వేలాండ్ ఒక్కటే. తమ డెస్క్‌టాప్ ప్లాస్మాలో 6.8 నుంచి అంతే అని కేడీఈ 2025 నవంబర్‌లో ప్రకటించింది. విండోల స్థానం గుర్తుపెట్టుకోవడం, కీబోర్డ్ ఆటోమేషన్ టూల్స్, తెర మీది రాతని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు... వీటి మీద ఆధారపడి బతికేవాళ్లకి "వస్తోంది, వస్తోంది" అనే జవాబు ఎన్నేళ్లుగా వింటున్నాం? చూపులేనివాళ్లకి డెస్క్‌టాప్ ఒక్క వెర్షన్ వెనక్కి పోయినా అది ఇబ్బంది కాదండీ, కంప్యూటర్ పోవడమే.

#15 వేలాండ్_వీరయ్య

స్క్రీన్ రీడర్ల గురించి మీరన్నది న్యాయం, అక్కడ నేను వాదించను. మిగతావాటికి మాత్రం ఒక్కటే చెప్తా. ఎక్స్‌ఆర్గ్ సర్వర్‌ని కష్టపడి మోసినవాళ్లలో చాలామందే వేలాండ్‌కి వెళ్లారు. ఇష్టం లేక కాదు, ఆ కోడ్ ఎలా ఉందో వాళ్లకి తెలుసు కాబట్టి. మోసేవాళ్లు దిగిపోయాక పల్లకీ కదలాలంటే ఇంకెవరైనా భుజం పెట్టాలి.

#16 టక్స్‌మామ

గ్నోమ్ 2 విషయంలో భుజం పెట్టారుగా. ఆ కోడ్‌నే కొనసాగిస్తూ మాటె డెస్క్‌టాప్ వచ్చింది. ఆ పాత అలవాట్లతోనే సిన్నమన్ వచ్చింది. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. ఓపెన్ఆఫీస్ ఒరాకిల్ చేతికి పోయినప్పుడు 2010లో లిబ్రెఆఫీస్ పుట్టింది. అందుకే "ఇక అయిపోయింది, సర్దుకో" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

#17 రూట్_రాణి

కోడ్‌ని ఫోర్క్ చేయొచ్చు (కాపీ తీసి వేరే దారిలో నడపొచ్చు) మామా, చర్చల్ని ఫోర్క్ చేయలేం. ఈ థ్రెడ్ మొత్తం దాని గురించే కదా.

ఇందాక నేను పాత ఫోరమ్‌లని తిట్టాను, అదే నోటితో ఇంకో మాట చెప్పాలి. ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రామ్ వ్యవహారం గుర్తుందా? 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి ఇంకో మెషిన్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వితే, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1లలో దొంగ తలుపు దొరికింది. పెట్టింది "జియా టాన్" అనే ఐడీ, రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లు పంపి నమ్మకం సంపాదించుకుంది.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ కోడ్ కాదు, 2022 నాటి ఉత్తరాలు. ఆ ప్రాజెక్టుని ఒంటరిగా నడుపుతున్న మనిషి తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టులోనే రాశాడు. ఎవరో ముక్కూమొహం తెలియని ఐడీలు వచ్చి "నీకు ఓపిక లేకపోతే ఇంకొకరికి ఇచ్చెయ్" అని వెంటపడ్డాయి. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే మన లిస్టుల్లో మెయింటెయినర్‌ని అలా పీడించడం మామూలే! మన దురుసుతనం వెనక దొంగ దాక్కున్నాడు.

అయితే ఇదంతా మనకెలా తెలిసింది? ఆ లిస్టు అందరికీ తెరిచి ఉంది కాబట్టి. వార్త వచ్చిన రోజే జనం 2022 ఉత్తరాలు తీసి, ఎవరు ఎప్పుడు ఏమన్నారో తేదీలతో సహా పేర్చారు. అదంతా ఒక ప్రైవేట్ చాట్‌లో జరిగి ఉంటే సాక్ష్యం ఎక్కడిది? కాబట్టి పాతకాపు గారూ, రికార్డు గురించి మీతో నేను ఒప్పుకుంటున్నాను. మర్యాద గురించి మాత్రం మీరు నాతో ఒప్పుకోవాలి.

#18 పాతకాపు

ఒప్పుకున్నానండీ, ఇంక దాని మీద మాట్లాడను.

#19 కమిట్_కుమార్

తెరిచి ఉంచడానికి ఇప్పుడు కొత్త ఖర్చొకటి వచ్చింది, అదీ చెప్పుకోవాలి. ఏఐ కంపెనీల బాట్‌లు ఓపెన్ సోర్స్ సైట్ల మీద పడి కోడ్‌లో ప్రతి పాత మార్పునీ, ప్రతి పేజీనీ లాగుతున్నాయి. మనుషులకి సైట్ తెరుచుకోని పరిస్థితి. 2025లో గ్నోమ్ వాళ్ల కోడ్ ఉండే గిట్‌ల్యాబ్ సైట్ ముందు అనుబిస్ అనే కాపలా ప్రోగ్రామ్ పెట్టారు. మీరు పేజీ తెరిచే ముందు మీ బ్రౌజర్ చేత ఒక చిన్న లెక్క చేయిస్తుంది. మనిషికి ఒకట్రెండు సెకన్లు, లక్షల పేజీలు లాగే బాట్‌కి కరెంటు బిల్లు. పాత ఫోన్ల మీద ఆ లెక్క కూడా బరువే. మెయిలింగ్ లిస్ట్ ఆర్కైవ్‌లు, వికీలు కూడా ఇదే బాటలో ఉన్నాయి.

అంటే లాగిన్ వెనక దాచుకున్నవాడికి ఈ బెడద తక్కువ, నలుగురికీ తెరిచి పెట్టినవాడికే దెబ్బ. బైట్‌బాబు #7లో అన్నది అందుకే కొట్టిపారేయలేను.

#20 బైట్‌బాబు

నన్ను సీరియస్‌గా తీసుకున్న మొదటి మనిషి మీరే.

సరే, సీరియస్‌గానే: మా చిన్న ప్రాజెక్టులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. చాట్ ఉంటుంది, కానీ చాట్‌లో ఏదైనా తేలితే అడిగినవాళ్లే దాన్ని రెండు పేరాల్లో అందరికీ కనబడే ఇష్యూ ట్రాకర్‌లో (సమస్యల జాబితాలో) రాయాలి. వెర్షన్, సెషన్, ఏం చేస్తే పోయింది, అంతే. రాయకపోతే తర్వాతి ప్రశ్నకి జవాబు లేదు. సగం మంది రాస్తున్నారు, సగం మంది మాయమవుతున్నారు. ముందు సున్నా ఉండేది.

#21 కొత్తపెంగ్విన్

వీరయ్య గారూ, చాలా థ్యాంక్స్! కళ్ల ప్రోగ్రామ్ భలే ఉంది. బ్రౌజర్ మీద కళ్లు తిరిగాయి, ఓజోన్ మార్చాక తిరగలేదు, అక్షరాలు నీట్‌గా వచ్చేశాయి. ఎక్స్‌ఆర్గ్ ఫైల్ తీసేశాను. ఒక చాట్ యాప్ మాత్రం ఇంకా మసకే, మెనూ నుంచి తెరిస్తే ఆప్షన్ పట్టించుకోవడం లేదు, టెర్మినల్ నుంచి తెరిస్తే బాగుంది.

#22 వేలాండ్_వీరయ్య

మెనూలోది వేరే డెస్క్‌టాప్ ఫైల్ నుంచి వస్తుంది, ఆ ఆప్షన్ దాన్లో లేదు. ఆ ఫైల్‌ని మీ హోమ్ ఫోల్డర్లోని అప్లికేషన్స్ డైరెక్టరీకి కాపీ చేసి, "ఎగ్జెక్" లైన్ చివర అదే ఆప్షన్ చేర్చండి. అసలు ఫైల్ ముట్టుకోకండి, దాన్లో చేసిన మార్పు అప్‌డేట్‌లో పోతుంది. ఆ యాప్ స్నాప్‌గా వచ్చిందా, డెబ్‌గానా (ఉబుంటులో యాప్‌లు వచ్చే రెండు ప్యాకేజీ రకాలు)? స్నాప్ అయితే డెస్క్‌టాప్ ఫైల్ ఉండే చోటు వేరు.

#23 మోడరేటర్: కిటికీ

8 నుంచి 11, 21, 22 పోస్టుల కాపీ సహాయ విభాగంలో కొత్త థ్రెడ్‌గా పెట్టాను. పేరు: "ఉబుంటు 24.04, గ్నోమ్ 46, వేలాండ్: 150% స్కేలింగ్‌లో కొన్ని యాప్‌లు మసక". స్కేలింగ్ గురించి ఇక అక్కడ రాయండి. టక్స్‌మామ గారూ, స్క్రీన్ రీడర్ల మీద విడిగా థ్రెడ్ తెరుస్తారా? ఏ డెస్క్‌టాప్‌లో ఏది పనిచేయడం లేదో వెర్షన్‌తో సహా రాస్తే బగ్ రిపోర్టులకి పనికొస్తుంది.

#24 టక్స్‌మామ

తెరుస్తాను. ఓర్కా అనే స్క్రీన్ రీడర్ వాడే స్నేహితుడు ఒకడున్నాడు, వాడితోనే రాయిస్తా, నాకంటే బాగా తిడతాడు.

#25 కొత్తపెంగ్విన్

స్నాప్ అండీ. కొత్త థ్రెడ్‌లో రాశాను, చూడగలరా?